మామిడిచెట్టు పచ్చముద్దలా వస్తోందా? రంగు కలిపే తీరు మార్చండి

నీటిరంగుల్లో మామిడిచెట్టు వేస్తే ఒకే పచ్చముద్దలా వస్తోందని, పైగా బురదగా మారుతోందని అడిగారు కదండీ. రెండింటికీ కారణాలు వేరు.

ముద్దలా రావడం ట్యూబులోని పచ్చను నేరుగా వాడటం వల్ల. లెమన్ ఎల్లో, అల్ట్రామెరీన్ బ్లూ కలిపి పచ్చను మీరే చేసుకోండి. ఎండ పడే ఆకులకి సుమారు మూడు పాళ్లు పసుపు, ఒక పాలు నీలం. గుబురు లోపలి నీడకి నీలం పెంచి, కొద్దిగా బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు). ముదురాకు నున్నగా ఉంటుంది, దాని మెరుపులో ఆకాశం ప్రతిఫలిస్తుంది. అక్కడ పచ్చ వద్దు, పల్చటి నీలం చాలు. ఇక లేత చిగురు అసలు పచ్చే కాదు, రాగిరంగు! ఆ నాలుగు చిగుళ్లు పడితే అది మామిడేనని వేరే చెప్పక్కర్లేదు.

బురద మాత్రం సగం ఆరిన పూతను మళ్లీ కెలకడం వల్ల. తడి మెరుపు పోయినా, తాకితే చల్లగా ఉందంటే కాగితం ఇంకా ఆరనట్టే. వెలుగు పూత పూర్తిగా ఆరాకే నీడ వేయండి. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది) తీసుకోండి. పల్చటిది ముడతపడి రంగు గుంటల్లో చేరుతుంది.

కొమ్మల మధ్య ఆకాశం కనిపించే ఖాళీలను ముందే పెన్సిల్‌తో గీసి వదిలేయండి. తర్వాత తెల్లరంగుతో తెరవాలని చూస్తే సుద్ద పూసినట్టు ఉంటుంది.