ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లోకి పోయే ముందు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మహిళా సర్పంచుల మీద జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని నువ్వు రాసుకున్న ప్రశ్నావళి చదివినాను. విషయం మంచిది, చేయాల్సిన పని. కానీ మూడో ప్రశ్న తీసెయ్యి. "ఆడవాళ్లు సర్పంచ్‌గా బాగా పనిచేయగలరా?" అని ఎదురుగా ఆడపిల్ల పెన్ను పట్టుకుని అడిగితే, కాదని ఎవరంటారు? నీకు దొరికేది అభిప్రాయం కాదమ్మా, మర్యాద.

పశ్చిమ బెంగాల్‌లో ఈ చిక్కును ఎట్ల దాటినారో చూడు. పంచాయతీ నాయకుల ప్రసంగం ఒకటే; కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించి, ఈ నాయకత్వం ఎట్లుందని అడిగినారు. 2009లో అచ్చయిన ఆ పరిశోధనలో, మహిళా ప్రధాన్‌ను (మన సర్పంచ్‌ను అక్కడ అట్లంటారు) ఎన్నడూ చూడని ఊళ్ల మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేసినారు. రిజర్వేషన్ వల్ల చూసిన ఊళ్లలో ఆ తేడా కరిగిపోయింది. అయినా, ఆడ నాయకులు కావాలనే ఇష్టం మాత్రం పెరగలేదు. సామర్థ్యాన్ని ఒప్పుకోవడం వేరు, ఇష్టపడడం వేరు. నీ ప్రశ్నల్లో ఈ రెండూ కలగలిసిపోయినాయి.

నువ్వూ నాలుగు వాక్యాల్లో ఒక సంగతి రాయి: ఊరి బోరు ఎండింది, సర్పంచ్ ట్యాంకర్ తెప్పించినాడు, కొత్త బోరుకు మండలాఫీసులో అర్జీ పెట్టినాడు. సగం ఫారాల్లో 'తెప్పించినాడు, పెట్టినాడు', సగంలో 'తెప్పించింది, పెట్టింది'. అంతకు మించి ఏమీ మారకూడదు. ఎవరికి ఏ ఫారమో ఇంట్లోనే చీటీలు వేసి తేల్చు. గడప దగ్గర మనిషిని చూసి ఎంచుకున్నావంటే అంతా పాడవుతుంది.

రచ్చకట్ట మీద కూర్చున్నోళ్లను అడిగి వచ్చేయొద్దు. ఓటర్ల జాబితా తీసుకో. 1,200 మంది ఉన్న ఊర్లో 20 మంది కావాలంటే 60కి ఒకరు. 1 నుంచి 60 లోపల ఒక చీటీ తియ్యి. 7 వస్తే 7, 67, 127. జాబితా ఇండ్ల వరసన ఉంటుంది కాబట్టి ఏ వీధీ తప్పిపోదు. పేరొచ్చినామె ఇంట్లో లేకపోతే ఆమె మొగుణ్ణి అడగొద్దు, ఇంకో రెండుసార్లు పో. బెంగళూరుకు కూలికి పోయినోళ్ల చోట పక్కింటోళ్లను నింపకుండా 'వలస' అని రాసుకో.

10 ఊళ్లలో 40 మంది చొప్పున కంటే 20 ఊళ్లలో 20 మంది మేలు. ఒక ఊరోళ్లు చాలావరకు ఒకే తీరున ఆలోచిస్తారు. 400 మందితో మొత్తం లెక్కకు అటూ ఇటూ కనీసం 5 శాతం తప్పు ఉండొచ్చు. రెండు ఫారాల మధ్య తేడా చెప్పాలంటే మాత్రం 10 శాతం దాటాల్సిందే. అంతకన్నా తక్కువ వస్తే 'తేడా తేలలేదు' అని రాయి, సిగ్గుపడొద్దు.

బెంగాల్‌లో ఏ పంచాయతీ మహిళలకన్నది ఊరి తీరుతో సంబంధం లేని వరసలో పడింది, అందుకే పోలిక నిలబడింది. ఇక్కడ ఆ వరస ఎట్ల పెట్టినారో జిల్లా పంచాయతీ కార్యాలయానికి సమాచార హక్కు అర్జీ పెట్టు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇప్పుడే పెట్టు.

బుడ్డలు (వేరుశనగ) విత్తే రోజుల్లో పోవద్దు. పొద్దుగూకినాక అయితే మనుషులుంటారు. మొదట ఒక్క ఊర్లో 10 మందిని అడిగి, ప్రశ్న ఎట్ల అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకో. పక్కన అత్తో మొగుడో ఉంటే ఫారం మూలన గుర్తు పెట్టు, లెక్క కట్టేటప్పుడు అవి విడిగా చూడాల.

నీ మామ