పాత గేమ్ డిస్కులు కొని అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం. వాడేసిన ప్లేస్టేషన్ గేమ్ డిస్కులు ఓఎల్ఎక్స్‌లో చూసి కొని, రెండు మూడు వందలు వేసుకుని అమ్ముతున్నాను. కొన్ని హైదరాబాద్‌కు కొరియర్ చేస్తుంటాను. ఇది కాపీరైట్ నేరమని, మూడేళ్లు జైలని మిత్రుడు భయపెడుతున్నాడు. నిజమేనా? కొందరు కుర్రాళ్లు డిస్కులు అద్దెకు అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?

సమాధానం: మూడేళ్ల మాట చట్టంలో ఉన్నదే. కాకపోతే అది నకిలీ డిస్కుల సంగతి. తెలిసి కాపీ డిస్కు అమ్మితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. మీవి ఒరిజినల్ డిస్కులైతే కంపెనీ వాటిని ఒకసారి అమ్మి తన డబ్బు తాను తీసుకుంది. అదే చట్టం 14వ సెక్షన్‌లో కంప్యూటర్ ప్రోగ్రాముల దగ్గర (గేములూ వీటి కిందికే వస్తాయి), ఆ కాపీ ‘అంతకుముందు అమ్ముడైనా సరే’ దాన్ని అమ్మే హక్కు కంపెనీదే అన్న అర్థం వచ్చే మాటలు ఒకప్పుడు ఉండేవి. 1999 సవరణలో వాటిని తీసేశారు. కాబట్టి ఒరిజినల్ డిస్కును మళ్లీ అమ్మడం తప్పు కాదనే నా అభిప్రాయం. దానిమీద లాభం వేసుకున్నంత మాత్రాన నేరమైపోదు.

అద్దె జోలికి మాత్రం వెళ్లకండి. డబ్బుకు అద్దెకిచ్చే హక్కును అదే సెక్షన్ హక్కుదారుకు ఇచ్చింది. రోజుకు వంద రూపాయల కోసం ఆ తలనొప్పి ఎందుకు?

అసలు చిక్కు మీరు మాటవరసకు రాసిన కొరియర్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. వ్యాపారంగా సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పార్సిల్ కట్టేటప్పుడు హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రమన్న సంగతి మనవాళ్లకు గుర్తుండదు! రిజిస్ట్రేషన్ తీసుకున్నా భారం తక్కువే. పాత వస్తువుల వ్యాపారికి 32(5) నిబంధన ఉంది. 1,200కు కొని 1,500కు అమ్మితే, కొన్నదానిపై ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోనంత కాలం, పన్ను ఆ 300 మీదే లెక్కిస్తారు. ఇక లాభాన్ని జీతంతో పాటు ఇన్‌కమ్‌టాక్స్ రిటర్న్‌లో వ్యాపార ఆదాయంగా చూపండి.

కొనేటప్పుడూ జాగ్రత్త అవసరం. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. నాలుగు వేల డిస్కును ఐదు వందలకు ఇస్తానంటే అనుమానించాల్సిందే. అమ్మిన వ్యక్తి పేరు, ఫోన్ నంబరు, తేదీ, ధర ఒక పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి. డబ్బు యూపీఐలోనే ఇవ్వండి. అమ్మేవాడు ఇంటర్ కుర్రాడైతే ఇంకో తిరకాసు. పద్దెనిమిదేళ్లు నిండనివారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు. రేపు వాళ్ల నాన్న వచ్చి డిస్కు తిరిగివ్వమంటే మీ దగ్గర జవాబు ఉండదు. అలాంటప్పుడు బేరం తల్లిదండ్రులతోనే మాట్లాడి, సంతకమూ వాళ్లతోనే పెట్టించుకోండి.