బుధవారం మైదానం నిండాలంటే

కాజీపేట

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న బుధవారం నువ్వు నడిపే పోటీల్లో ఆట ముగిసి అందరూ వెళ్లిపోయినా, నువ్వు గోల్‌పోస్టు దగ్గర వల విప్పుతూ ఒంటరిగా ఉండిపోయావు. అప్పుడు నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "ఆదివారమైతే వస్తారు మామయ్యా. పని రోజుల్లో మన దగ్గర ఫుట్‌బాల్ చూడటానికి ఎవరూ రారు. వచ్చే ఏడాది వారం మధ్యలో మ్యాచ్‌లు తీసేద్దాం" అన్నావు. తీసేయవద్దు. ముప్పై ఏళ్లకు పైగా ఈ మైదానాల్లో ఆడాను, ఆడించాను, తెల్లవారుజామున సున్నం గీతలు గీశాను. తెలుసుకున్నది రాస్తున్నాను. నిదానంగా చదువు.

పని రోజున జనం రారన్న మాట మన ప్రాంతంలో చెల్లదు. మేడారం జాతర ఏ రోజున మొదలవుతుంది? బుధవారం. సారలమ్మ గద్దెకు వచ్చేది ఆ రోజే, సమ్మక్క వచ్చేది గురువారం. పొలం పని, దుకాణం, ఉద్యోగం అన్నీ ఉన్నవాళ్లే అడవిదారి పడతారు. తల్లుల జాతరతో మన ఆటను పోల్చడం లేదు, ఆ పోలిక తగదు. తమది అనుకున్నదాని కోసం మన జనం వారం చూడరని మాత్రం చెబుతున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆదివారాలు ఒకటో రెండో వస్తాయి. మిగతా రోజుల్లో ఆడవాళ్లు ఇంటి పని, కూలి పని ముగించుకుని, పూలు పేర్చుకుని సాయంత్రానికి చెరువు దగ్గరికి చేరడం లేదా? కాబట్టి బుధవారాన్ని తప్పుపట్టకు. ఆ మ్యాచ్ తమదని ఎంతమంది అనుకుంటున్నారో, వాళ్లు వచ్చి వెళ్లడానికి మనం ఏ వీలు కల్పించామో చూడు.

అసలు కాజీపేటలో ఆదివారం అందరికీ సెలవా? రైల్వే డీజిల్ షెడ్డులో, ఎలక్ట్రిక్ షెడ్డులో పనిచేసేవాళ్లకు షిఫ్టులు ఉంటాయి. బండి నడిపేవాళ్లకు, గార్డులకు రెస్టు ఏ రోజు దొరికితే ఆ రోజే ఆదివారం. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్నో ఆదివారాలు ఆట చూడకుండానే గడిచిపోయాయి. మంగళవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తే మైదానం ఖాళీగా కనిపించేది. క్షౌరశాలలకు మంగళవారమే సెలవు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు గనుల్లో పొద్దున షిఫ్టు చేసినవాళ్లు సాయంత్రానికి ఇంటి దగ్గర ఉంటారు. ఆదివారం జనం తమంతట తామే వస్తారు కాబట్టి వాళ్లెవరో మనం అడగలేదు. వారం మధ్యలో ఎవరికి ఖాళీయో తెలుసుకోవడం నీ పని. ఒక నోటుపుస్తకం పట్టుకుని షెడ్డు గేటు దగ్గరికి, ఆటో స్టాండుకు, కాలేజీ హాస్టళ్లకు, దుకాణాల వరుసకు వెళ్లు. ఏ రోజు, ఏ గంటకు వీలవుతుందో అడిగి రాసుకో. ఆ పుస్తకం చూశాకే పోటీల తేదీలు వెయ్యి.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డే అనే పాత క్లబ్బు ఉంది. పేరులోనే బుధవారం ఉంది. 1820లో క్రికెట్ క్లబ్బుగా మొదలైంది. సభ్యులకు బుధవారం పూట సగం రోజు పని ఉండేది కాదు కాబట్టి ఆ రోజు ఆడుకునేవారు. 1867లో అందులో నుంచే ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. ఉక్కుకు, కత్తులకు పేరుపడ్డ ఊరు అది. ఆ ఊరివాళ్లు తమకు తీరిక ఉన్న రోజు చూసుకుని ఆట పెట్టుకున్నారు, ఆ రోజు పేరే గర్వంగా పెట్టుకున్నారు.

ఇక వేళ సంగతి. నువ్వు చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. మూడున్నరకు మ్యాచ్ అన్నావు. ఆ వేళకు బడి పిల్లలు బడిలోనే ఉంటారు, దుకాణదారు గల్లా దగ్గరే ఉంటాడు. ఐదింటికి పెడదామంటే డిసెంబరు మొదట్లో మన దగ్గర ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. బడి వదిలే వేళకూ చీకటికీ మధ్యలో మిగిలేది గంటా పది, గంటా పావు. తొంభై నిమిషాల ఆట అందులో పట్టదు. అయితే ఆట నియమాల్లోనే ఒక వెసులుబాటు ఉంది. పోటీ నిబంధనల్లో ముందే రాసుకుని, రిఫరీ, రెండు జట్లు మ్యాచ్‌కు ముందు ఒప్పుకుంటే ఒక్కో సగాన్ని నలభై ఐదు నిమిషాల కంటే తగ్గించవచ్చు. వారం మధ్యలో ముప్పై నిమిషాల చొప్పున రెండు సగాలు, నడుమ పది నిమిషాల విరామం పెట్టు. నాలుగు ఇరవైకి విజిల్ వేస్తే ఐదున్నరకు ముగుస్తుంది. ఆదివారం సెమీఫైనళ్లు, ఫైనల్ నిండు తొంభై నిమిషాలు ఆడించు. ఆట కుదించడం తప్పని నీ తోటి వాళ్లు అంటారు. చీకట్లో బంతి కనబడక చివరి పావుగంట వృథా కావడం అంతకంటే పెద్ద తప్పు.

నాలుగు ఇరవై అంటే నాలుగు ఇరవయ్యే. ఒక ఏడాది మేము ఒక పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిచాం. ఆయన గంట ఆలస్యంగా వచ్చారు. పూలదండలు, ఉపన్యాసాలు, జట్లతో ఫోటోలు. అప్పటిదాకా ఇరవై రెండు మంది పిల్లలు ఎండలో వరుసగా నిలబడ్డారు. ఆ రోజు షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మికులు ఆట మొదలు కాకుండానే ఇంటికి వెళ్లారు. ఆ తర్వాతి రెండు బుధవారాలు వాళ్లలో ఒక్కరూ కనబడలేదు. పని రోజున వచ్చే మనిషి తన రోజులో నుంచి కోసి ఇచ్చిన గంట అది. దాన్ని పాడుచేస్తే అతను నిన్ను తిట్టడు, మళ్లీ రాడు. సత్కారాలన్నీ ఫైనల్ రోజుకు ఉంచు. బుధవారం వేదిక వద్దు, దండలు వద్దు.

రావడం ఎంత ముఖ్యమో తిరిగి వెళ్లడమూ అంతే. 2024 డిసెంబరు 31న రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. అది మంగళవారం. బెంగాల్, కేరళ జట్లు. నిర్ణీత సమయం అయ్యే వరకు గోల్ లేదు. ఆట చివర్లో మా వరుసలో కూర్చున్న నలుగురు కుర్రవాళ్లు బస్సు పోతుందని లేచి వెళ్లారు. ఆపైన ఇంజురీ టైమ్‌లో రాబి హన్స్‌దా గోల్ కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. ఆ అరుపు వాళ్లకు మెట్ల మీదో గేటు బయటో వినిపించి ఉంటుంది. అంత దూరం వచ్చి, అంతసేపు కూర్చుని, చూడవలసిన ఒక్క క్షణం చూడలేకపోయారు. ఆ నలుగురి మొహాలు తలచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది. నీ మైదానంలో ఎవరికీ అలా జరగకూడదు. మడికొండ, ధర్మసాగర్ వైపు వెళ్లే చివరి బస్సులు ఎప్పుడో కనుక్కో. ఆట ఎన్నింటికి కచ్చితంగా ముగుస్తుందో పోస్టరు మీద రాయించు. నలుగురు ఆటోవాళ్లతో ముందే మాట్లాడి ఐదున్నరకు గేటు దగ్గర ఉండమను. జర్మనీలో సోమవారం రాత్రి మ్యాచ్‌ల మీద అభిమానులు ఏళ్ల తరబడి నిరసన తెలిపితే, పై స్థాయి లీగ్ 2021-22 నుంచి ఆ మ్యాచ్‌లను మానేసింది. మర్నాడు పనికి వెళ్లవలసిన మనిషి రాత్రి ఇంటికి ఎలా చేరతాడన్నది అంత పెద్ద లీగ్ కూడా వినక తప్పని మాట.

ఇప్పుడు సందడి గురించి. ఇది నాకు మనసుకు దగ్గరైన విషయం.

వచ్చిన వంద మందీ మైదానం నాలుగు వైపులా చెదిరి కూర్చుంటే ఆటగాడికి వంద మంది కనబడరు, ఖాళీ మెట్లు కనబడతాయి. వారం మధ్యలో ఒక్క వైపే తెరువు, మిగతా వైపులకు తాడు కట్టు. పడమటి వైపు కూర్చోబెడితే సాయంత్రపు ఎండ వాళ్ల వీపుకు పడుతుంది, కళ్లలో కొట్టదు. గీతకు మూడు నాలుగు గజాల దూరంలో భుజం భుజం ఆనించి కూర్చున్న వంద మంది గొంతు, విడివిడిగా కూర్చున్న వెయ్యి మందికి రాదు. తమ పక్కనే పరుగెత్తుతున్న కుర్రవాడి ఊపిరి వినబడితే కాలేజీ పిల్లలు ఫోను జేబులో పెట్టేస్తారు. నేను కళ్లారా చూశాను.

పెద్ద స్పీకర్లలో పాటలు వద్దు. ఆ మోతలో మనుషుల గొంతు చచ్చిపోతుంది. ఇద్దరు డప్పు కళాకారులను పిలువు, వాళ్లకు తగిన డబ్బు ఇవ్వు, గౌరవంగా కూర్చోబెట్టు. డప్పుకు ఆట తెలుసు. బంతి మధ్యగీత దాటితే దరువు పెరగాలి, కార్నర్‌కు వెళ్తే బిగియాలి, పెనాల్టీకి పూర్తిగా ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దమే సగం ఉత్సాహం. మొదటి రెండు మ్యాచ్‌లు వాళ్ల పక్కన నువ్వే కూర్చుని చెప్పు. మైకు పట్టుకునేవాడు బంతి ఎటు వెళ్లిందో చెప్పనక్కరలేదు, అది అందరూ చూస్తున్నారు. ఆడుతున్న పిల్లవాడు ఎవరు, ఏ వీధి, ఏ బడి, నాన్న ఏ పని చేస్తాడు అన్నవి చెప్పమను. ఆ మాటతోనే ఒక వీధి మొత్తం లేచి నిలబడుతుంది.

వాట్సాప్‌లో నువ్వు పంపే రంగుల పోస్టరు ఎవరూ చదవరు. పోస్టరుకు బదులు మనిషిని పంపు. "మీ పక్కింటి అబ్బాయి రేపు గోల్‌కీపరుగా నిలబడుతున్నాడు, నాలుగు ఇరవైకి మొదలు, ఐదున్నరకు ఇంటికి" అని ఆ వీధిలో ఎవరితోనైనా చెప్పించు. దగ్గరలోని ప్రభుత్వ బడి నుంచి పన్నెండు మంది పిల్లలను బంతి అందించడానికి పెట్టుకుని, విరామంలో మైకులో వాళ్ల పేర్లు చదివించు. పన్నెండు మంది పిల్లలంటే పన్నెండు ఇళ్లు. మా రోజుల్లో ఇది నాకు తోచలేదు, చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆడపిల్లలను మరచిపోవద్దు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. మన ఉత్తర తెలంగాణలో అలాంటి అమ్మాయిలు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఆడి చూపించే చోటు లేదు. ప్రతి బుధవారం మగవాళ్ల మ్యాచే కాకుండా నెలకు ఒకసారైనా అమ్మాయిల మ్యాచ్ పెట్టు, విరామంలో ఐదు నిమిషాల ప్రదర్శన ఆటగా కాదు, అసలు మ్యాచ్‌గా. తల్లులు వస్తారు. వాళ్లు రావాలంటే శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, గేటు దాకా దీపాలు ముందు ఉండాలి. ఇవి లేకుండా పిలవడం మర్యాద కాదు.

అరుపులు ఎదుటి జట్టు మీద, రిఫరీ మీద తిట్లుగా మారనివ్వవద్దు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ సెప్టెంబరు 4న జరిగింది, అదీ మంగళవారమే. మన హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టుకు ఎదురుగా దక్షిణ కొరియా, చుట్టూ మన జట్టును ఎగతాళి చేస్తున్న జనసముద్రం. అయినా 2-1తో గెలిచారు. సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. మా పెద్దలు ఆ కథ చెప్పినప్పుడల్లా గెలుపు కంటే ఆ పిల్లలు పడ్డ అవమానం గురించే ఎక్కువసేపు మాట్లాడేవారు. జనగామ నుంచో పెద్దపల్లి నుంచో బస్సు దిగి వచ్చిన జట్టుకు మన మైదానంలో ఆ అనుభవం ఎదురుకాకూడదు. వాళ్లు మంచి గోల్ కొడితే డప్పు వాళ్లకూ మోగాలి. అలా మోగిందని తెలిస్తే మరో బుధవారం వాళ్ల ఊరివాళ్లూ వెంట వస్తారు.

జనం పెరిగితే చెక్క గ్యాలరీలు కట్టిద్దామని కొందరు నిన్ను తొందరపెడతారు. కేరళలో రాత్రిపూట దీపాల వెలుగులో జరిగే సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్) ఆటలకు తాత్కాలిక గ్యాలరీల మీద జనం కిక్కిరిసి కూర్చుంటారు. 2022 మార్చిలో మలప్పురం జిల్లాలో అలాంటి గ్యాలరీ ఒకటి కూలి ఎంతోమంది గాయపడ్డారు. ఇంజనీరు చూసి రాసి ఇవ్వకుండా ఒక్క మెట్టు కూడా ఎక్కించవద్దు. అప్పటిదాకా నేల మీద చాపలు పరుద్దాం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టి 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. మన పేరు పెట్టుకున్న జట్టు ఛాంపియన్ అయిన ఏడాది దాన్ని మన మైదానంలో చూసుకోలేకపోయాం. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను సాయంత్రం దాకా మన మైదానంలోనే కూర్చున్నాను. అప్పుడు అక్కడ ఆరుగురు పిల్లలు రాళ్లు గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడుతున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు నీ పోటీల్లో ఆడుతున్నారు. వాళ్ల కోసమే ఇంత రాస్తున్నాను.

వచ్చే బుధవారం పడమటి వైపు తాడు నువ్వు కట్టు, సున్నం గీతలు నేను గీస్తాను. డప్పు వాళ్లతో శనివారమే మాట్లాడాను, ఇద్దరూ వస్తామన్నారు. రెండున్నరకే మైదానంలో ఉంటాను. గేటు తాళంచెవి మరచిపోకుండా తీసుకురా.

మీ మామయ్య