సింకు కంపు కొడుతుంటే ముందు రబ్బరు మూత చూడండి

ప్రశ్న: అక్కా, డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగాం. సింకులో గార్బేజ్ డిస్పోజల్ (సింకు కన్నం కింద బిగించి, తిండి మిగుళ్ళను నలిపి పైపులోకి పంపే మిషన్) ఉంది. అప్పుడే వాసన మొదలైంది. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, ఘాటు మందులు పొయ్యాలంటే భయం. వంటింట్లో ఉండేవాటితో శుభ్రం చేసుకోవచ్చా?

జవాబు: హాయిగా చేసుకోవచ్చమ్మా. చాలా డ్రెయిన్ క్లీనర్లలో కాస్టిక్ సోడా ఉంటుంది. పైపు మూసుకుపోయి ఉంటే ఆ మందు అక్కడే నిలిచిపోయి, తర్వాత విప్పే మనిషి చేతుల మీద పడుతుంది. వాటి జోలికి పోకపోవడమే మంచిది.

లోపల బ్లేడ్లుంటాయని, వాటికి ఏదో పట్టుకుందని చాలామంది అనుకుంటారు. బ్లేడ్లు ఉండవు. గిర్రున తిరిగే ఒక పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే లోహపు ముక్కలు ఉంటాయి. అవి తిండిని అంచుకు విసిరికొడితే, అక్కడి గరుకు రింగుకు రాసుకుని నలుగుతుంది. నలిగేటప్పుడు పైకి చిమ్మిందంతా కన్నానికున్న నల్ల రబ్బరు మూత అడుగున అంటుకుంటుంది. మనం పోసే నీళ్ళు ఆ అడుగు భాగానికి తగలవు. కంపు చాలావరకు అక్కడిదే.

కాబట్టి ముందు కరెంటు ఆపు. గోడ మీద స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదు, సింకు కింద ప్లగ్ పీకెయ్, లేదా బ్రేకర్ దించెయ్. పాత టూత్‌బ్రష్‌కి వంటసోడా, కాస్త గిన్నెల సబ్బు అద్ది ఆ రబ్బరు మడతల్ని వెనక్కి తిప్పి తోము. కొన్ని మోడళ్ళలో మూత ఊడి చేతికొస్తుంది, అలాగైతే పని ఇంకా సులువు. లోపల చెంచా ఏదైనా పడి ఉంటే పట్టకారుతో తియ్యి, చెయ్యి పెట్టకు.

తర్వాత మళ్ళీ కరెంటు ఇచ్చి గుప్పెడు ఐసు ముక్కలు, కాస్త కళ్ళుప్పు వేసి, చన్నీళ్ళు వదిలి తిప్పు. గోడలకు పట్టిన జిడ్డు రాలుతుంది. చివర్లో సింకుకి బిరడా పెట్టి సగం దాకా సబ్బునీళ్ళు నింపు. బిరడా లాగేసి వెంటనే మిషన్ వెయ్. ఒక్కసారిగా దిగిన నీళ్ళు లోపలినీ పైపునీ కలిపి కడిగేస్తాయి. నన్నడిగితే అన్నిటికంటే పనిచేసేది ఇదే.

అందరూ చెప్పే సోడా, వెనిగర్ చిట్కా మీద నాకంత గురి లేదు. పొంగు చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. వంటసోడా విడిగా వేసి తోమితేనే ఎక్కువ ఉపయోగం. నిమ్మతొక్కలు వాసనకి బాగుంటాయి, చిన్న ముక్కలు చేసి వెయ్. బ్లీచ్ మాత్రం వద్దు. అది వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఇంట్లో పిల్లాడున్నాడు.

అసలు మన వంటకీ ఈ మిషన్‌కీ పొత్తు కుదరదు. మిగిలిన అన్నం, ఇడ్లీపిండి పైపులో ఉబ్బి జిగురులా పట్టేస్తాయి. ములక్కాడ పిప్పి, కరివేపాకు ఈనెలు, కొత్తిమీర కాడలు, కొబ్బరి పీచు పళ్ళేనికి చుట్టుకుంటాయి. చింతపండు పిప్పిలో పీచూ గింజా రెండూ ఉంటాయి, ఇంక చెప్పాలా! వేపుడు నూనె, నెయ్యి పొయ్యకు. వేడినీళ్ళతో కరిగి పోయినట్టే పోయి, కాస్త దూరం వెళ్ళాక పైపులో గడ్డకడతాయి. అందుకే మిషన్ తిప్పేటప్పుడు చన్నీళ్ళే వాడాలి, ఆపాక కూడా కాసేపు పారనివ్వాలి.

ఇవన్నీ కంపోస్టుకో చెత్తబుట్టకో వేసి, పళ్ళేలకి అంటుకున్న మెతుకులే సింకులోకి పోనిస్తే సగం వాసన పుట్టనే పుట్టదు. రేపు కాలిఫోర్నియాకి మారితే అక్కడ 2022 నుంచి తిండి చెత్తను వేరుగా వెయ్యాలని చట్టమే ఉంది. న్యూయార్క్‌లో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు సింకులో ఈ మిషన్ కనబడకపోతే ఆశ్చర్యపోకు, ఆ నగరంలో 1997 దాకా దీని మీద నిషేధం ఉండేది.

ఎప్పుడైనా తిరక్కుండా గుర్రుమని మూలిగితే వెంటనే ఆపెయ్. కరెంటు తీసేసి, సింకు కింద మిషన్ అడుగున మధ్యలో ఉన్న కన్నంలో ఎలెన్ కీ (ఆరు పలకల, L ఆకారపు ఇనుప కడ్డీ) పెట్టి అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్నది వదులుతుంది. ఆ పక్కనే ఎర్ర బటన్ ఉంటుంది, అది నొక్కి మళ్ళీ వెయ్. అప్పటికీ కదలకపోతే అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కి చెప్పు, అద్దింట్లో మిషన్ విప్పే పని మనం పెట్టుకోకూడదు.