మెషీన్‌తో చేస్తే రూట్ కెనాల్ పూర్తిగా శుభ్రమైపోతుందా?

ప్రశ్న: నా వయసు 41. కింది దవడ పన్ను పుచ్చిపోయి రాత్రుళ్లు నొప్పి ఎక్కువగా ఉంటోంది. రూట్ కెనాల్ చేయాలన్నారు. చేత్తో కాదు, రోటరీ మెషీన్‌తో చేస్తాం, లోపల మొత్తం శుభ్రమైపోతుంది అని డాక్టర్ చెప్పారు. మా తమ్ముడికీ మెషీన్‌తోనే చేశారు, రెండేళ్లకే మళ్లీ చీము పట్టింది. మెషీన్‌ని నమ్మొచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మెషీన్‌తోనే చేయించుకోండి, నేనూ అదే వాడతాను. కానీ లోపల మొత్తం శుభ్రమైపోతుందన్న మాట సరికాదు. ఎంత మంచి ఫైల్ (కాలువ లోపల గీకే సన్నటి పరికరం) అయినా ఒక్కటే ఆ పని చేయలేదు.

పన్ను వేరు లోపలి కాలువ గుండ్రటి గొట్టంలా ఉండదు. మీ కింది దవడ పన్నులో మామూలుగా మూడు కాలువలుంటాయి, కొందరికి నాలుగు. వెనక వేరులోది చాలామందికి కోలగా ఉంటుంది, ముందు వేరులోని రెండింటినీ కలుపుతూ సన్నటి సందు ఉండొచ్చు, వేరు కొస దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత పిల్ల కాలువలు పక్కలకు చీలతాయి. రోటరీ ఫైల్ తిరుగుతూ గీకుతుంది కాబట్టి గుండ్రంగానే గీకుతుంది, కోల కాలువ రెండు కొసలూ, ఆ సందులూ దానికి అందవు. పీకేసిన పళ్లను ఫైల్ పెట్టక ముందు, పెట్టిన తర్వాత మైక్రో సీటీ స్కాన్ తీసి పోల్చిన పరిశోధనల్లో, కాలువ గోడల్లో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఫైల్ తగలకుండా ఉండిపోతోందని తేలింది. చేత్తో చేసినా ఈ ఇబ్బంది తప్పదు.

మరి మెషీన్ ఎందుకంటే, దాని ఫైల్స్ నికెల్-టైటానియంతో చేసినవి, వంపు ఎటుంటే అటు వంగుతాయి. చేత్తో వాడే స్టీల్ ఫైల్ లావయ్యేకొద్దీ బిరుసెక్కి, వంకర కాలువను తిన్నగా చేసేయబోతుంది, అలా గోడకు మెట్టు పడితే వేరు చివరిదాకా చేరడం కష్టం. రోటరీతో ఆ తప్పులు తగ్గుతాయి, పని త్వరగా అవుతుంది, కాలువ పైనుంచి కిందికి సన్నబడుతూ చక్కటి ఆకారంలోకి వస్తుంది.

ఆ ఆకారం ఎందుకు కావాలంటే మందు నీళ్లు లోపలికి దిగడానికి. ఫైల్ తాకని చోట చచ్చిన కణజాలాన్ని కరిగించేదీ, బ్యాక్టీరియాను చంపేదీ సోడియం హైపోక్లోరైట్ ద్రావణమే. ఫైల్ గీకినప్పుడు గోడలకు మెత్తుకున్న పొడిని 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో ద్రావణం తీసేస్తుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. సన్న సూదితో పోసిన ద్రావణం సూది మొన దాటి ఎక్కువ దూరం పోదు, వేరు కొసలో గాలి బుడగ ఇరుక్కుంటే అసలే పోదు. అందుకే చాలామంది డాక్టర్లు ద్రావణాన్ని అల్ట్రాసోనిక్ మొనతో కదిలిస్తారు. నన్ను బాధపెట్టేది ఇక్కడే: మెషీన్ వల్ల ఫైల్ పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, దాంతోపాటు కడగడం కూడా తొందరగా ముగించేస్తే పన్ను ఆకారం బాగుంటుంది, ఎక్స్‌రే అందంగా కనిపిస్తుంది, లోపల బ్యాక్టీరియా మాత్రం అలాగే ఉంటుంది.

మీ తమ్ముడి పన్ను సంగతి ఎక్స్‌రే చూడకుండా చెప్పలేను. ఒక కాలువ దొరకకుండా మిగిలిపోయిందేమో, క్యాప్ ఆలస్యమై పైనుంచి ఉమ్ము దిగిందేమో, సరిగా కడగలేదేమో. ఏదైనా, పీకించుకోమని తొందరపడొద్దని చెప్పండి, చాలా సందర్భాల్లో మళ్లీ రూట్ కెనాల్ చేసి పన్నును కాపాడొచ్చు.

మీరు మీ డాక్టర్‌ని మెషీన్ ఏ కంపెనీదని అడగక్కర్లేదు. రబ్బర్ డ్యామ్ (ఉమ్ము చేరకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర) వేస్తారా, దేనితో, ఎంతసేపు కడుగుతారు, క్యాప్ ఎప్పుడు పెడతారు అని అడగండి. ఇలా అడిగితే మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు. ఫైల్ లోపల విరిగే అవకాశం కొద్దిగా ఉంది, అలా జరిగితే మీకు చెప్పాలి, విరిగినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు.

చికిత్స తర్వాత కొన్ని రోజులు నమిలితే నొప్పి ఉండటం మామూలే. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా మాత్రం ఆ రోజే వెళ్లండి, ఊపిరి తీసుకోవడం ఇబ్బందైతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకే. నొప్పి లేకపోయినా ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి, వేరు కొస దగ్గర ఎముక మానుతోందో లేదో అందులోనే తెలుస్తుంది.