చూడడానికి ఏమీ లేని చోటికే వెళ్లండి

స్టోన్‌హెంజ్ రాతి వలయం చూసేశాం, ఇంగ్లండులో అంతకన్నా పాతది ఏదైనా ఉందా అని ఒకరు అడిగారు. ఉంది. నార్ఫోక్ తీరంలో ఒక పల్లె. పేరు రాయడం హ్యాపిస్‌బర్గ్, పలకడం హేజ్‌బ్రా. రాసింది రాసినట్టు చదివే భాషలో పుట్టినందుకు దారి అడిగిన ప్రతిచోటా అభాసుపాలయ్యాను. ఆ అక్షరాలన్నీ ఎవరికోసం పెట్టుకున్నారో!

2013 మే నెలలో అలలు ఒడ్డున ఇసుకను ఊడ్చుకుపోతే, కింది బురదపొరలో సుమారు 50 మనిషి అడుగుజాడలు బయటపడ్డాయి. ఎనిమిదిన్నర లక్షల ఏళ్ల కిందటివి, ఇంకా పాతవైనా కావచ్చు. ఆఫ్రికా బయట అంత పాత అడుగులు అప్పటికి ఎక్కడా దొరకలేదు. ఫొటోలు, కొలతలు తీసుకున్నారు. రెండు వారాలు తిరగకుండానే సముద్రం వాటిని చెరిపేసింది. అందుకే అక్కడ టిక్కెట్టూ లేదు, తాడు కట్టిన కంచే లేదు. స్టోన్‌హెంజ్‌లో ఆ తాడు ఇవతల నిలబడి ఎంత విసుగెత్తిందో!

నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకువెళ్లాను. ఎర్రచారల దీపస్తంభం, విరిగిపడుతున్న మట్టిగట్టు, చలిగాలి. సగం దూరం నడిచాక ఆగి, "ఏమిరా, దీనికోసమా ఇంత దూరం?" అన్నారు. ఫోనులో ఆ అడుగుల ఫొటో చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "అచ్చం మన పర్ర నేలే. మడమ ఎంత దిగిందో చూడు" అన్నారు. కోనసీమలో నలభై ఏళ్లు బురద తొక్కిన మనిషి. పెద్దవాళ్లతోపాటు పిల్లల అడుగులూ ఉన్నాయని చెప్పగానే తేల్చేశారు: "పిల్లల్ని వెంటబెట్టుకుని, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ బురదలోకి దిగారంటే పీతలకే."

శాస్త్రవేత్తలు అంత దూరం తేల్చలేదు. నేను మాత్రం నమ్ముతున్నాను. దగ్గరలోని క్రోమర్ ఊరి పీతలకు ఇప్పటికీ పేరుంది, ఇంకేం రుజువు కావాలి?

మీరు వెళితే పాటు వేళ చూసుకుని వెళ్లండి, గట్టు కింద మాత్రం నిలబడకండి. బీచ్ రోడ్డులో ఇళ్లకు ఇళ్లే సముద్రంలో కలిసిపోయాయి. నడుస్తూ కిందికి చూడండి. 2000లో కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకాయనకు రాతి చేతిగొడ్డలి దొరికింది ఇక్కడే. మాకు దొరికింది ఒక గవ్వ. నాన్నగారు దాన్ని జేబులో వేసుకున్నారు. ఊళ్లో ఎవరైనా లండన్ విశేషాలు అడిగితే, ఆ గవ్వ చూపించి పీతల కథ మొదలుపెడుతున్నారట.