ఊరికి రావడం వేరు, ఉద్యోగం విడవడం వేరు

సైనిక కుటుంబాలకు సలహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా వారు సైన్యంలో నాయక్‌గా పనిచేస్తున్నారు. వయసు 37, సర్వీసు 17 ఏళ్లు. ప్రస్తుతం జబల్‌పూర్‌లో క్వార్టర్ ఇచ్చారు కాబట్టి పిల్లలతో సహా అక్కడే ఉంటున్నాము. పాప ఈ మార్చిలో ఎనిమిదో తరగతి పూర్తి చేస్తుంది, బాబు నాలుగో తరగతి చదువుతున్నాడు. ఊళ్లో ఒంటరిగా ఉన్న మా అత్తగారికి ఆరోగ్యం బాగుండడం లేదు. ఇంటి అప్పు ఇంకా పది లక్షల వరకు ఉంది. మా వారు పై హోదా అయిన హవల్దార్ ప్రమోషన్‌కు పెట్టే కేడర్ పరీక్ష పాసయ్యారు గాని సీనియారిటీ రావడానికి ఇంకా సమయం పడుతుందట. ఈలోగా మళ్లీ, కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేని ఫీల్డ్‌కు వెళ్లవలసి వస్తుంది. "పదిహేనేళ్లు దాటాయి, పెన్షన్ ఖాయమైంది, ఇక చాలు, డిశ్చార్జి కాగితం పెట్టేస్తాను" అంటున్నారు. వద్దంటే ఆయన కష్టం నాకు పట్టనట్టు అవుతుంది. సరేనంటే పిల్లల చదువులు ఏమవుతాయోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: సోదరీ, మీ ఇంట్లో రెండు నిర్ణయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే నిర్ణయంలాగా కనిపిస్తున్నాయి. కుటుంబం సొంత ప్రాంతానికి ఎప్పుడు రావాలన్నది ఒకటి, మీ వారు యూనిఫాం ఎప్పుడు విడవాలన్నది మరొకటి. మీ ఉత్తరం చదివాక నాకు తోచినదేమిటంటే, మొదటిది ఈ జూన్‌లోనే జరగాలి, రెండవది ఇప్పుడు జరగకూడదు. ఎందుకో వివరిస్తాను.

ముందు పాప విషయం చూద్దాం. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్, వైద్య విద్య వంటి కోర్సులలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివిన విద్యార్థిని స్థానిక అభ్యర్థిగా పరిగణిస్తారు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు కలిపితే సరిగ్గా నాలుగేళ్లు. అంటే పాప ఈ జూన్‌లో ఇక్కడ తొమ్మిదో తరగతిలో చేరితే ఆ లెక్క సరిపోతుంది, ఒక్క ఏడాది ఆలస్యమైతే తప్పిపోతుంది. ఎన్‌ఐటీలలో సగం సీట్లకు సొంత రాష్ట్రం కూడా పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దానిని బట్టే నిర్ణయమవుతుంది. సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉన్న మాట నిజమే గాని, ఆ సీట్లు చాలా తక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి దానిని నమ్ముకుని స్థానికతను వదులుకోవడం మంచిది కాదు. నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కనుక ఆ ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్‌ను తప్పనిసరిగా చూసుకోండి. సైనిక కుటుంబాలలో చాలామంది ఈ విషయాన్ని ఇంటర్ రెండో ఏడాదిలో తెలుసుకుని బాధపడతారు. మీకు ఇంకా వ్యవధి ఉంది. చదువు మాధ్యమం, సిలబస్ మారకూడదనుకుంటే విశాఖలోని కేంద్రీయ విద్యాలయాలలో ప్రయత్నించండి. బదిలీపై తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లలతో పాటు మాజీ సైనికుల పిల్లలకు కూడా అక్కడ మొదటి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి, మీ వారు తరువాత ఎప్పుడు రిటైరైనా బాబు చదువుకు ఆ ఇబ్బంది రాదు.

మీ అత్తగారి ఆరోగ్యానికి కూడా మీ వారి రిటైర్మెంట్ ఒక్కటే మార్గం కాదు. ఆవిడ మీ వారిపై ఆధారపడిన తల్లిగా రికార్డులలో ఉంటే, ఆయన సర్వీసులో ఉన్నంతకాలం సైనిక ఆసుపత్రులలో వైద్యం పొందే హక్కు ఉంటుంది, విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి మీ జిల్లాకు దగ్గర. ఆవిడ పేరు కుటుంబ వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో పడిందో లేదో ఈ వారంలోనే యూనిట్‌లో కనుక్కోమనండి. రిటైరయ్యాక మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఎలాగూ ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. పదిహేనేళ్లు నిండితే జవానుకు పెన్షన్ అర్హత వస్తుందన్నది నిజమే, అయితే అర్హత రావడం వేరు, ఆ పెన్షన్ ఇంటికి సరిపోవడం వేరు. మీ వారి మూలవేతనం, మిలిటరీ సర్వీస్ పే 5,200 కలిపి 40,000 రూపాయలు అనుకుందాం. అసలు అంకె పే స్లిప్‌లో చూసి వేసుకోండి. పెన్షన్ అందులో సగం, అంటే 20,000. కమ్యూటేషన్ కింద గరిష్ఠంగా సగం అమ్ముకోవచ్చు, అలా చేస్తే నెలకు 10,000 తగ్గి, ఆ వయసువారికి ఏడాది మొత్తానికి సుమారు తొమ్మిది రెట్లు, అంటే దాదాపు 11 లక్షలు చేతికి వస్తాయి. తగ్గిన మొత్తం 15 ఏళ్ల తరువాత తిరిగి మొదలవుతుంది. కరువు భత్యం మాత్రం అమ్ముకోకముందున్న పూర్తి పెన్షన్ మీదనే లెక్కిస్తారు. ఇది లోతుగా చూస్తే, ఏడాదికి 7 శాతానికి కొంచెం పైబడిన వడ్డీకి అప్పు తీసుకోవడంతో సమానం. మీ ఇంటి అప్పు వడ్డీ అంతకన్నా ఎక్కువైతే ఆ డబ్బుతో అప్పు తీర్చడం తెలివైన పని. పొలం కొనడానికో, బంధువులకు చేబదులు ఇవ్వడానికో పెన్షన్ అమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. గ్రాట్యుటీ, సెలవుల నగదు, ప్రావిడెంట్ ఫండ్, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ కలిపి మరికొంత వస్తుంది గాని, అది పిల్లల పై చదువుల డబ్బు. దానిని నెలసరి ఖర్చులో కలపకండి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది, దీనిని మీ వారు గమనించారో లేదో అని నాకు సందేహంగా ఉంది. ఒకే హోదాలో ఒకే కాలం పనిచేసినవారికి, ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ ఇచ్చే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ పథకం 2014 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది, అయిదేళ్లకొకసారి పెన్షన్‌ను సవరిస్తారు. అయితే 2015 నవంబర్ 7న వెలువడిన ఉత్తర్వులోనే, ఇకమీదట సొంత అభ్యర్థనపై మధ్యలో డిశ్చార్జి తీసుకునేవారికి ఈ ప్రయోజనం వర్తించదని రాసి ఉంది. ఈ షరతుపై న్యాయ వివాదాలు నడిచాయి కాబట్టి కాగితం పెట్టేనాటి పరిస్థితిని రికార్డ్ ఆఫీసు ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నాయక్‌కు పొడిగింపుతో కలిపి సర్వీసు 24 ఏళ్లు, హవల్దార్‌కు 26 ఏళ్లు. 17 ఏళ్లకే కోరి బయటికి వస్తే మీ వారు ఈ షరతు కిందికే వస్తారు. 37 ఏళ్ల మనిషికి పెన్షన్ ఇంకా నాలుగు దశాబ్దాలు రావచ్చు. అన్నేళ్లపాటు అయిదేళ్లకొకసారి వచ్చే సవరణను పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు. పైగా 8వ వేతన సంఘం ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది. దాని గురించి వినిపించే అంకెలను నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు గాని, తొందరపడకపోవడానికి అదీ ఒక కారణమే.

ఇదంతా చెబుతున్నానని మీ వారి అలసటను తేలికగా తీసుకుంటున్నానని అనుకోవద్దు. పదిహేడేళ్లలో పిల్లల పుట్టినరోజులు, ఇంట్లో చావుపుట్టుకలు ఎన్నిటికో దూరంగా ఉన్న మనిషి "ఇక చాలు" అంటే, ఆ మాటకు లెక్కల పుస్తకంతో జవాబు చెప్పకూడదు. ఆయనకు నిజంగా కావలసింది ఏమిటో ముందు అడగండి. ఇంటికి దగ్గరగా ఉండడమే అయితే, ఎన్‌సీసీ బెటాలియన్, రిక్రూటింగ్ ఆఫీసు వంటి, సొంత యూనిట్‌కు బయట పనిచేసే ఈఆర్‌ఈ పోస్టింగులకు పేరు ఇవ్వవచ్చు, తల్లి అనారోగ్యం చూపించి కంపాషనేట్ పోస్టింగ్ కోరవచ్చు. దొరుకుతుందని హామీ ఇవ్వలేను, కానీ అడగకుండా ఉద్యోగమే వదలడం సరికాదు. మోకాళ్లో, నడుమో, మరేదో ఆరోగ్య సమస్య ఆయన మాటల వెనుక ఉంటే అది వెంటనే మెడికల్ రికార్డులలో నమోదు కావాలి. బయటికి వచ్చాక దానిని సర్వీసు వల్ల కలిగిందని నిరూపించడం చాలా కష్టమవుతుంది.

నా సలహా ప్రకారం మీరు మళ్లీ కొంతకాలం విడిగా ఉండవలసి వస్తుంది. ఇద్దరు పిల్లలను, అత్తగారిని ఒంటరిగా చూసుకునే బరువు మీ మీదే పడుతుంది. ఆ బరువును ఎవరూ లెక్కలో వేయరు కనుక నేను ఇక్కడ రాస్తున్నాను. అది మోయగలనో లేదో చెప్పవలసినది మీరే, మీ మాటకు ఈ నిర్ణయంలో ఆయన మాటతో సమానమైన విలువ ఉండాలి. మోయలేనని మీకు అనిపిస్తే సంకోచించకుండా చెప్పండి, అప్పుడు నా సలహా కూడా మారుతుంది. అలాగే ఆయన చేతిలో ప్రభుత్వ ఉద్యోగ నియామక పత్రం ఉండి, దాని జీతం పెన్షన్‌తో కలిపి ఇప్పటి జీతాన్ని మించితే పరిస్థితి వేరు. ఉద్యోగం చూసుకుని రావడం, వచ్చి ఉద్యోగం చూసుకోవడం ఒకటి కాదు. ఊళ్లలో సెక్యూరిటీ ఉద్యోగానికి ఇస్తున్న జీతం ఎంతో మీ వారిని ఈ సెలవులో స్వయంగా నలుగురిని అడిగి తెలుసుకోమనండి.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో నౌకాదళంలో సెయిలర్‌ను. మరో పదినెలల్లో నా మొదటి ఒప్పందం 15 ఏళ్లు పూర్తవుతుంది. మళ్లీ ఒప్పందం పొడిగించుకోవాలా, బయటికి వచ్చి బ్యాంకు ఉద్యోగానికి ప్రయత్నించాలా? నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు, ఒక్క బాబు.

జవాబు: మీ పరిస్థితి పై సోదరి భర్త పరిస్థితి వంటిది కాదు. ఒప్పందం ముగిసి బయటికి రావడం, మధ్యలో కోరి రావడం ఒకటిగా పరిగణించరు. అయినా మీ విడుదల ఏ నిబంధన కింద నమోదవుతుందో ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోండి.

సర్వీసు ఏడాదిలోపు మిగిలి ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు చేసుకోవచ్చు, అంటే మీకు ఆ అవకాశం ఇప్పుడే మొదలైంది. పది పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్నవారిని గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానంగా పరిగణిస్తారు. ప్రభుత్వ రంగ బ్యాంకులలో క్లర్కు స్థాయిలో మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. వయసులో సర్వీసు కాలాన్ని తీసివేసి, పైన మరో మూడేళ్లు సడలింపు ఇస్తారు. మీ భార్యకు ఉద్యోగం ఉండడం, ఒక్కడే కొడుకు కావడం వల్ల మీకు ఒకటి రెండేళ్లు నిలదొక్కుకునే వీలుంది. కాబట్టి మీరు బయటికి రావడాన్ని నేను సమర్థిస్తాను, అయితే ఒక షరతు. ఈ పదినెలల్లో కనీసం రెండు ప్రిలిమ్స్ పరీక్షలు నిజంగా రాసి చూడండి. గణితంలో, ఇంగ్లీషులో పదిహేనేళ్ల విరామం ఎంత లోటు చేసిందో మాక్ టెస్టు మార్కులే చెబుతాయి. మార్కులు కటాఫ్‌కు దరిదాపులలో లేకపోతే పొడిగింపు తీసుకుని, ఆ కాలంలో సిద్ధం కండి. పునరావాస డైరెక్టరేట్ నడిపే కోర్సులు విడుదలకు ముందే చేయాలి కనుక వాటి దరఖాస్తు ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి 2023 జనవరిలో అగ్నివీర్‌గా శిక్షణలో చేరాడు. నాలుగేళ్లు పూర్తవుతున్నాయి. రెగ్యులర్‌గా ఉండిపొమ్మనాలా, వచ్చే డబ్బుతో వ్యాపారం పెట్టుకోమనాలా? మాది ప్రకాశం జిల్లా.

జవాబు: ఈ నిర్ణయం మీ అబ్బాయి ఒక్కడి చేతిలో లేదన్నది మొదట గుర్తుంచుకోవాలి. ఒక బ్యాచ్‌లో 25 శాతం వరకు మాత్రమే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. ఎంపికైనవారు కనీసం మరో 15 ఏళ్లు పనిచేయాలి. కాబట్టి అబ్బాయికి సైన్యమంటే ఇష్టం ఉంటే తప్పక దరఖాస్తు చేయమనండి, అదే సమయంలో ఎంపిక కాకపోతే ఏం చేయాలన్నది ఇప్పుడే సిద్ధంగా ఉండాలి.

బయటికి వచ్చేవారికి సేవానిధి (జీతంలో కోసుకున్న వాటాకు ప్రభుత్వం అంతే కలిపే నిధి) కింద వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయి, దానిపై ఆదాయపు పన్ను లేదు. పెన్షన్, గ్రాట్యుటీ, ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉండవు. రెగ్యులర్‌గా ఎంపికైనవారికి తాము జమ చేసిన వాటా, దానిపై వడ్డీ మాత్రమే తిరిగి వస్తాయి. ఇరవైలలో ఉన్న కుర్రవాడి చేతికి ఒకేసారి అంత డబ్బు వస్తే ఇల్లు, పెళ్లి, బండి అని నలుగురూ నాలుగు దారులు చూపిస్తారు. ఏ వ్యాపారమో, అందులో ముందుగా ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో చెప్పలేనప్పుడు ఆ డబ్బు వ్యాపారంలో పెట్టవద్దు. కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్, వయసు సడలింపు ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చేసరికి పరుగు, దేహదారుఢ్యం ఎలాగూ ఉంటాయి గాని, రాత పరీక్షకు మాత్రం ఇప్పటినుంచే చదవాలి. డబ్బును రెండేళ్లపాటు బ్యాంకులో అబ్బాయి పేరునే డిపాజిట్‌గా ఉంచండి, మీ ఇంటి అప్పులకు కూడా దానిని వాడవద్దని మనవి.